ముప్ఫై ఎనిమిది కంచాలు, ఒక పది లీటర్ల గ్రైండరు

"హోటలా అమ్మా?" అని అడిగాడు దుకాణదారు. కాదన్నాను. "క్యాటరింగా?" అదీ కాదన్నాను. "మరి పది లీటర్లది ఎందుకు?" ఇంట్లోకే అన్నాను. నన్నూ మా ఆయననూ ఎగాదిగా చూసి, "ఇంట్లో ఎంతమంది ఉంటారేమిటి?" అన్నాడు. ముప్ఫై ఎనిమిది మందిమి అన్నాను. అప్పుడు కుర్చీలు వేయించాడు.

అది 2022 జూలై. ఆ టిల్టింగ్ గ్రైండరు, అంటే డ్రమ్మును వంచి పిండి వంపుకునేది, మా వంటింట్లోకి వచ్చి మూడేళ్ళు దాటింది. మాలాంటి పిల్లల సంరక్షణ గృహాలు నడిపేవాళ్ళు, చిన్న హాస్టళ్ళవాళ్ళు "ఎలా ఉందమ్మగారూ, కొనవచ్చా?" అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ అరగంట చొప్పున చెప్పేకన్నా ఒకచోట రాసి పెడితే నా గొంతుకు విశ్రాంతి.

కంపెనీ పేరు, దుకాణం పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే వాటిలో చీవాట్లూ ఉన్నాయి, అదొక కారణం. ఇంకొకటి, కోయంబత్తూరులో ఈ గ్రైండర్లు చేసే చిన్న కర్మాగారాలు ఎన్నో ఉన్నాయి. రాయి, మోటారు, బెల్టు, వంచే పిడి ఎవరు చేసినా దాదాపు ఒకే తీరు. మన తిరుపతి లడ్డుకు ఉన్నట్టే 'కోయంబత్తూరు వెట్ గ్రైండరు' అన్న పేరుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కాబట్టి ఏ పేరు చూసి కొన్నా ఇక్కడ రాసింది పనికొస్తుంది.

మా ఇల్లు చెన్నైలో మాధవరం అవతల. ఆరేళ్ళ నుంచి పదిహేడేళ్ళ దాకా 32 మంది ఆడపిల్లలు. బాలల సంక్షేమ సమితి పంపితేనే వస్తారు, మా అంతట మేము చేర్చుకోకూడదు. పిల్లల పేర్లు, వాళ్ళ కథలు ఇక్కడ ఉండవు. 2015 నాటి బాలల న్యాయ చట్టం అందుకు ఒప్పుకోదు, ఒప్పుకున్నా నేను రాయను. మిగిలిన ఆరు కంచాల్లో మూడు మావి: పాస్టరుగా ఉన్న మా ఆయన, నేను, కాలేజీకి వెళ్ళే మా అమ్మాయి. ఇంకో మూడు వంటమ్మవి, వార్డెనమ్మవి, కాపలా తాతవి. మా అబ్బాయి ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళాక ఒక కంచం తగ్గింది. వాడికి తొమ్మిదేళ్ళప్పుడు ఒక రాత్రి నా చెవిలో, "అమ్మా, మనకు మాత్రం విడిగా వండవా?" అని అడిగాడు. వండలేదు. ఇప్పుడు ఫోనులో ఆ హాల్లో తిన్న పునుగులే తలచుకుంటాడు, అది వేరే సంగతి.

ఇడ్లీ మా ఇంట్లో సోమ, బుధ, శనివారాలు. చిన్నపిల్లలకు మూడు, పెద్దపిల్లలకు ఐదో ఆరో. ఏడో తరగతి చదివే ఒక పిల్ల మాత్రం ఎనిమిది తింటుంది, పందెం కాసి తొమ్మిదీ తింటుంది. ఎంత తక్కువ అనుకున్నా పూటకు 180 ఇడ్లీలు. అంటే నాలుగు కిలోల బియ్యం, ఒక కిలో మినపగుళ్ళు.

దీనికి ముందు మా దగ్గర రెండు లీటర్ల టేబుల్ గ్రైండర్లు ఉండేవి. మూడు కొన్నాం, ఎప్పుడు చూసినా రెండే పనిచేసేవి. వాటిలో ఒక్కో వాయికి ముప్పావు కిలో బియ్యం దాటితే పిండి గట్టు మీదికి వచ్చేస్తుంది. నాలుగు కిలోలు రుబ్బాలంటే బియ్యానికే అయిదారు వాయిలు, పప్పుకు రెండు. నలుగురున్న ఇంటికోసం చేసిన ఆ మోటార్లు రెండు గంటలు ఆపకుండా తిరిగితే ఏమవుతాయో అదే అయ్యింది. ఏడాదికొకటి కాలిపోయేది. మధ్యలో కొన్నాళ్ళు దుకాణంలో పొట్లాల పిండి కొన్నాం. పది కిలోల పిండి, కిలో 45 రూపాయల లెక్కన, వారానికి మూడుసార్లు. ఆ నెల ఖాతా పుస్తకం చూసి మా ఆయన ఏమీ అనలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో దాని అర్థం నాకు తెలుసు.

అయినా పది లీటర్లది కొనాలన్న నిర్ణయం డబ్బు లెక్కతో జరగలేదు. తనిఖీకి వచ్చిన ఒక మేడమ్ వల్ల జరిగింది.

ఆవిడ మరుగుదొడ్లు లెక్కపెట్టారు, దుప్పట్లు చూశారు, సరుకుల రిజిస్టరు తిరగేశారు. 2016 నాటి కేంద్ర నమూనా నియమాల్లో పిల్లకు రోజుకు 600 గ్రాముల ధాన్యం, 120 గ్రాముల పప్పు అని రాసి ఉంటుంది. దానితో మా రిజిస్టరును పోల్చి చూసుకున్నారు. అంతా సరిగానే ఉంది. వెళ్ళబోతూ ఆరో తరగతి పిల్లను దగ్గరికి పిలిచి, "ఇడ్లీ పిండి ఎవరు రుబ్బుతారు పాపా?" అని తమిళంలో అడిగారు. ఆ పిల్ల బహుమతి వచ్చినంత సంతోషంగా "నేనే!" అంది.

అబద్ధం కాదు. సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా ఏడెనిమిది వాయిలు తిరుగుతుంటే, వంటమ్మ ఒక చేత్తో రాత్రి కూర చూసుకోవాలి. గ్రైండరు దగ్గర ఎవరో ఒకరు నిలబడి అంచుకు అంటిన పిండిని గరిటెతో లోపలికి తోస్తుండాలి. పిల్లలు ఎగబడి వచ్చేవాళ్ళు. వాళ్ళకది ఆట. నేను వివరం చెప్పబోయాను. ఆవిడ వాదించలేదు. "ఆ సమయానికి పాప హోంవర్కు చేసుకుంటూ ఉండాలి కదమ్మా" అని మాత్రం అని, పుస్తకంలో ఏదో రాసుకున్నారు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కోపంతోనే. నేను చదివింది చీరాల వైపు ఒక మిషను బోర్డింగులో. 1982లో నాకు పన్నెండేళ్ళు. శనివారం సాయంత్రం రుబ్బురోలు దగ్గర నా వంతు. ఒకరు పొత్రం తిప్పుతుంటే ఇంకొకరు పిండి తోయాలి. వేళ్ళు నలగకుండా పాటకు తగ్గట్టు తోసేవాళ్ళం, కీర్తన ఎంత వేగంగా పాడితే పని అంత త్వరగా తెమిలేది. అరచేతుల్లో కాయలు కాచేవి. అది క్రమశిక్షణ అనీ, మమ్మల్ని మనుషుల్ని చేసింది అదేననీ నలభై ఏళ్ళు అందరికీ చెబుతూ వచ్చాను. ఆ రాత్రి మాత్రం ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ ఏడాది లెక్కల్లో నాకు వచ్చినవి 29 మార్కులు. లెక్కల టీచరు శనివారం సాయంత్రాలు విడిగా చెప్పేవారు.

కరెంటుతో తిరిగే రుబ్బురోలును కోయంబత్తూరులో పి. సభాపతి అనే ఆయన 1955లోనే తయారుచేశారు. అంటే నేను కీర్తన పాడుతూ పొత్రం తిప్పేనాటికే దానికి ఇరవై ఏడేళ్ళు. మా బోర్డింగు దాకా ఆ కబురు రాలేదు.

సరే, డబ్బు సంగతి. పుట్టినరోజుకు బిర్యానీ పెడతామనేవాళ్ళు, కేకు తెస్తామనేవాళ్ళు మా ఇంటికి నెలకు నలుగురైనా వస్తారు. దేవుడు వాళ్ళను దీవించుగాక. గ్రైండరు కొనిపెడతామన్నవాళ్ళు లేరు. దాని పక్కన నిలబడి ఫోటో దిగితే బాగుండదు మరి. ఒకాయన మాత్రం ముందుకు వచ్చి, డ్రమ్ము మీద తన తల్లిదండ్రుల పేర్లు చెక్కించాలన్నారు. "తిరిగే డ్రమ్ము మీద పేర్లు ఎవరు చదవగలరండీ?" అని మా ఆయన నిజంగానే సందేహపడి అడిగారు. ఆయన మళ్ళీ రాలేదు. చివరికి మా సంఘంలో కోత పండుగ వేలంలో వచ్చిన 11,300 రూపాయలు మాకిచ్చారు. అందులో ఒకే గుమ్మడికాయ నాలుగుసార్లు అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు కొన్నట్టే తిరిగి బల్ల మీద పెట్టేశారు. మిగిలింది నా బియ్యం డబ్బాలోది. గ్రైండరు 24,500, మోత కూలి, బండి కలిపి 1,400.

కొనడానికి మింట్ వీధి వైపు వెళ్ళాం. దారిలో బేసిన్ బ్రిడ్జి దగ్గర బకింగ్‌హామ్ కాలువ దాటినప్పుడల్లా మా ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంటారు, నేను పెట్టుకోను. 1876 నాటి కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ఈ కాలువలోనే మూడు మైళ్ళ పైచిలుకు తవ్వే పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకు ఊరికే గంజి పోయకుండా పని ఇచ్చి కూలి ఇచ్చాడు. ఆ మట్టి మోసినవాళ్ళలో మా ముత్తాత తండ్రి ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారన్నది చరిత్ర పుస్తకాల్లోనూ ఉంది. కాలువ కంపు కొడుతుంది, నిజమే. అయినా అది మావాళ్ళు తవ్విన కాలువ.

ఇక గ్రైండరు.

బరువు నూరు కిలోల పైమాటే. చెన్నైలో చిన్న ట్రాలీ బండిని 'కుట్టి యానై' అంటారు, గున్న ఏనుగు అని. ఆ గున్న ఏనుగు మీద వచ్చింది. దించడానికి నలుగురు మగవాళ్ళు కావాలి. ముందే ఒప్పందం చేసుకోకపోతే బండి అతను వీధిలో దించేసి వెళ్ళిపోతాడు. మా గుమ్మం వెడల్పు కొలవకుండా కొన్నాం, తలుపు రెక్క ఊడదీయాల్సి వచ్చింది. మీరు కొలుచుకోండి.

కొత్త రాయిని వెంటనే వాడకూడదు. తవుడూ నీళ్ళూ పోసి తిప్పి పారబోయాలి, నీళ్ళలో గరుకు తగలనంత వరకు నాలుగైదుసార్లు. ఆత్రం కొద్దీ మేము రెండుసార్లతో సరిపెట్టాం. మొదటి సోమవారం ఇడ్లీ కొరికిన ప్రతి పిల్లా నావైపు చూసింది. ఇసుక! నలభై మంది ఒకేసారి నమలడం ఆపేస్తే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు పని ఇలా జరుగుతుంది. ఉదయం ఏడున్నరకు స్కూలు వ్యాన్లు కదిలాక వంటమ్మ బియ్యం నానబోస్తుంది. మధ్యాహ్నం పన్నెండున్నరకు పప్పు, అందులో రెండు చెంచాల మెంతులు. రెండింటికి గ్రైండరు మొదలు. ముందు పప్పు, ముప్ఫై అయిదు నిమిషాలు. నీళ్ళు ఒక్కసారే పోయకుండా గ్లాసుతో కొంచెం కొంచెంగా, ఎండాకాలం ఫ్రిజ్ నీళ్ళే. పిండి చిటికెడు తీసి నీళ్ళ గిన్నెలో వేస్తే తేలాలి, అప్పుడు అయినట్టు. మిక్సీకీ దీనికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. మిక్సీ బ్లేడు వేగానికి పిండి వేడెక్కుతుంది, పప్పు నలుగుతుంది గానీ పొంగదు. రాయి నిదానంగా తిరుగుతుంది కాబట్టి పిండిలోకి గాలి చేరి, కిలో పప్పు డ్రమ్ములో సగానికి వస్తుంది. తరవాత నాలుగు కిలోల బియ్యం ఒకటే వాయి, అరగంట. మూడుంపావుకల్లా గ్రైండరు కడిగేసి ఉంటుంది. పిల్లలు నాలుగున్నరకు వస్తారు. వంటింట్లో వాళ్ళకు తోయడానికి ఏమీ మిగలదు.

ఈ ఒక్క సంగతి కోసం దీనికి ఎన్ని మార్కులైనా వేస్తాను. అయిదు నుంచి ఏడు దాకా ఇప్పుడు హాల్లో చదువు. మొదట్లో ఆ ఆరో తరగతి పిల్ల నా మీద అలిగింది, "నా పని లాగేసుకున్నారు" అని.

వంచుడు ఏర్పాటు గురించి చెప్పాలి, ఎందుకంటే అదనపు డబ్బు దానికే. మామూలు పెద్ద గ్రైండర్లలో పొత్రం చేతులతో ఎత్తి తీసి, పిండిని చేత్తో తోడుకోవాలి. మా వంటమ్మకు యాభై ఎనిమిదేళ్ళు, నడుము నొప్పి. ఇందులో పొత్రాన్ని పట్టే కడ్డీ ఉంటుంది. గడియ తీసి పిడి లాగితే డ్రమ్ము మొత్తం ముందుకు ఒరిగి పిండి గిన్నెలోకి జారుతుంది. చివరి పావు కిలో పిండి మాత్రం రాయి కింద, అంచుల్లో ఇరుక్కుంటుంది. దాన్ని వంటమ్మ వేళ్ళతోనే తీస్తుంది. ఆ పావు కిలో ఆవిడ ఆత్మగౌరవ సమస్య.

మొదట్లో ఆవిడకూ నాకూ యుద్ధం జరిగింది. మాది ఇడ్లీ రవ్వ ఊరు. పప్పు రుబ్బి, రవ్వ కడిగి కలిపితే చాలు, సగం పని తప్పుతుంది. నాకు నోటికి అలవాటైంది ఆ ఇడ్లీయే, కాస్త గరుకుగా, అల్లప్పచ్చడితో. వంటమ్మది గుమ్మిడిపూండి వైపు, తెలుగు మాట్లాడుతుంది, ఇడ్లీ మాత్రం తమిళ ఇడ్లీయే. ఉప్పుడు బియ్యం రుబ్బిందే ఇడ్లీ అంటుంది. "రవ్వ ఇడ్లీ చల్లారితే రాయి అవుతుందమ్మగారూ, పిల్లలు టిఫిను డబ్బాలో పట్టుకెళ్ళాలి" అంది. పిల్లలను ఓటు వేయమన్నాను. నా ఇడ్లీకి వచ్చినవి ఆరు ఓట్లు, అందులో ఒకటి మా ఆయనది. అప్పటినుంచి బియ్యమే. మా పిల్లలకు అది పిండి కూడా కాదు, తమిళంలో 'మావు'. మే నెలలో ఒక తెల్లవారుజామున, గంట కొట్టకముందే, ఒక చిన్నది పరుగెత్తుకొచ్చి "అమ్మా, మావు నడిచి వచ్చేస్తోంది!" అని లేపింది. గిన్నెలు పొంగి, మూతలు తోసుకుని, గడప దాకా వచ్చింది. ఎండాకాలంలో సగం గిన్నెకు మించి పోయకూడదు, ఉప్పు రాత్రే వేయాలి. డిసెంబరులో అయితే ఉప్పు పొద్దున్నే.

ఇప్పుడు చీవాట్లు.

నాలుగో నెలలో వంచే పిడి దగ్గర గడియ వదులైంది. తిరుగుతుండగా డ్రమ్ము రెండు వేళ్ళంత ముందుకు ఒరిగింది. వంటమ్మ అక్కడే ఉంది కాబట్టి స్విచ్ కట్టేసింది. అంత బరువు తిరుగుతూ ముందుకు పడితే ఏమవుతుందో ఊహించడం నాకు ఇష్టం లేదు. దుకాణానికి ఫోను చేశాను. రేపు పంపుతామన్నారు. ఆ 'రేపు' రావడానికి పందొమ్మిది రోజులు పట్టింది. నేను వారంటీ కాగితం చదివి వినిపిస్తే, "అది మోటారుకేనమ్మా, గడియకు కాదు" అన్నాడు. కుర్చీ వేసినవాడే! చివరికి మా వీధి చివర వెల్డింగు అతను 350 రూపాయలకు రెండో గడియ అమర్చాడు, ఈ రోజుకూ కదల్లేదు. కొనేటప్పుడే దుకాణంలో డ్రమ్మును ఖాళీగా తిప్పించి, గడియను చేత్తో ఊపి చూడండి. గడియకు తోడు అడ్డుపిన్ను ఉన్నదే కొనండి.

ఏడాదికొకసారి బెల్టు. రబ్బరు మాడిన వాసన వస్తే నిండుగా పోసినట్టు లెక్క, వెంటనే ఆపాలి. బెల్టు మీద అచ్చువేసిన నంబరు రాసుకుని ఒకటి ఇంట్లో ఉంచుకుంటే దుకాణం మొహం చూడక్కర్లేదు.

చప్పుడు బాగానే ఉంటుంది. చర్చిలో మధ్యాహ్నం స్త్రీల కూడిక ఉన్న రోజు నా ప్రార్థన నాకే వినిపించలేదు. ఇంకో లోటు, కొద్దిపాటి పిండి దీనికి చేతకాదు. కిలోకు తక్కువ పప్పు వేస్తే అంచులకు అంటుకుని ఊరికే తిరుగుతుంది. పచ్చళ్ళకు మిక్సీ ఉండాల్సిందే. శనివారం రాత్రి పెసరట్లకు మాత్రం రాజాలా పనిచేస్తుంది. క్రిస్మస్ ఉదయం గారెలకు ఆరు కిలోల మినప్పప్పును నాలుగు వాయిల్లో రుబ్బేశాం, గారెలకు నీళ్ళు తక్కువ కాబట్టి పిండి గట్టిగా ఉంటుంది, కిలోన్నర మించి వేయకండి.

పిల్లలున్న ఇంట్లో ఇది ప్రమాదకరమైన వస్తువు. జడలు, చున్నీలు చిక్కాయంటే వదలదు. మేము ఆ గదికి విడిగా తలుపు పెట్టించాం, తాళం వంటమ్మ కొంగుకు ఉంటుంది. తడి నేల మీద నిలబడి వాడేది కాబట్టి ఎర్తు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియనుతో చూపించి, షాకు తగిలితే కరెంటు తనంతట తెగిపోయే బ్రేకరు పెట్టించాలి. అది పెట్టించాకే నేను మొదటిసారి స్విచ్ వేశాను.

నాకు పెద్ద పాఠం చెప్పింది మాత్రం మిచౌంగ్ తుపాను. 2023 డిసెంబరు 3, 4 తేదీల్లో ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. నాలుగో తేదీ మధ్యాహ్నానికి వంటింట్లో మోకాలి లోతు నీళ్ళు. పిల్లలను మేడ మీదికి చేర్చాం, బియ్యం బస్తాలు చేర్చాం, రిజిస్టర్లు చేర్చాం. పిల్లలు లేకపోయినా ఊరుకుంటారేమో గానీ రిజిస్టర్లు లేకపోతే ఊరుకోరు అని మా ఆయన ఆ కంగారులోనూ జోకు వేస్తే నేను కసురుకున్నాను. గ్రైండరును ఎవరు ఎత్తగలరు? దాని మోటారు ఉండేది అడుగున. మూడు రోజులు కరెంటు లేదు, నీళ్ళ కింద అలాగే ఉంది. గ్యాసు పొయ్యి మేడ మెట్ల మీద పెట్టి రెండు పూటలు గంజి, ఒక పూట ఉప్మా. ఇక్కడ ముంచి వెళ్ళిన ఆ తుపాను అయిదో తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది, సరిగ్గా మా పుట్టింటి మీదుగా. మా తమ్ముడు ఫోను చేసి, "అక్కా, అది నిన్ను చూసి నీ అడ్రసు పట్టుకుని ఇక్కడికి వచ్చింది" అన్నాడు.

నీళ్ళు దిగాక ఆత్రంగా స్విచ్ వేయకండి. మా పక్క వీధి మెస్సువాళ్ళు వేశారు, మోటారు పొగలు కక్కింది. మేము విప్పించి, ఎండబెట్టించి, వైండింగు మళ్ళీ చుట్టించాం. 3,200 అయ్యింది. బురద నీళ్ళలో నానిన రాయికి మళ్ళీ తవుడు వైద్యం, ఈసారి ఆరుసార్లు. ఇప్పుడు అది రెండడుగుల సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఉంది. డ్రమ్ము అంచు వంటమ్మ భుజాల దాకా వస్తోందని ఆవిడకు చెక్క మెట్టు చేయించాం. పాత చెన్నై ఇళ్ళల్లో, మా ఉత్తరం వైపు మరీ ముఖ్యంగా, దిమ్మ లేకుండా కొనవద్దు.

లెక్క అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. పొట్లాల పిండి అయితే ఇడ్లీ రోజుకు 450 రూపాయలు. మేము రుబ్బుకుంటే బియ్యం, పప్పు, ఒక యూనిటు కరెంటు కలిపి 300 లోపు. సెలవులు పోను ఏడాదికి ఇరవై వేల పైన మిగులుతుంది. రిపేర్లన్నీ కలిపినా రెండో ఏడు సగానికి పెట్టిన డబ్బు తిరిగొచ్చింది. అయిదుకు నాలుగు మార్కులు. గ్రైండరుకు నాలుగున్నర వేసి, కొన్నాక వాళ్ళు చేసిన మర్యాదకు అర తగ్గించాను.

ఇరవై లీటర్లది తీసుకుందామా అని అడిగేవాళ్ళకు: ఎనభై మంది దాటితేనే. పదిహేను మందే ఉంటే అయిదు లీటర్లది చాలు.

గత నెల నుంచి బియ్యం నలగడానికి పది నిమిషాలు ఎక్కువ పడుతోంది. రాయి నున్నబడింది. కక్కు కొట్టే ముసలాయన రెడ్‌హిల్స్ నుంచి సైకిలు మీద వస్తాడు, ఉలీ సుత్తీ తప్ప ఏమీ తేడు. ఈ శుక్రవారం వస్తానన్నాడు. కాబట్టి శనివారం ఇడ్లీ లేదు, చపాతీ. ఎనిమిది ఇడ్లీల పిల్లకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.